నేల లోపలి చమురునకు లెక్క అడుగవలెను

కలుషిత స్థలముల నిర్వహణకై కేంద్ర ప్రభుత్వము 2025 జులైలో ప్రకటించిన నియమావళి, మన దేశపు పర్యావరణ శాసనములలో చిరకాలము శూన్యముగా నుండిన యొక స్థానమును పూరించినది. పరిశ్రమ ఎప్పుడో మూతపడి, యజమానులు చెదరిపోయి, అది విడిచిన విషము మాత్రము నేలలో నిలిచిపోయిన చోట, ఆ నేలను పరీక్షింపవలసిన వారెవరు, శుద్ధి చేయవలసిన వారెవరు, వ్యయము భరింపవలసిన వారెవరు అను ప్రశ్నలకు ఇంతవరకు స్థిరమైన విధానము లేకుండెను. ఇప్పుడు జిల్లా యంత్రాంగము అనుమానింపదగిన స్థలములను తెలుపుటయు, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి వానిని పరీక్షించుటయు, తుదకు కాలుష్యమునకు కారకులైన వారినుండి శుద్ధివ్యయమును రాబట్టుటయు అను క్రమ మొకటి ఏర్పడినది. ఇది హర్షణీయము. కాని ఈ నియమావళి వెలువడునాటికి దేశమున గుర్తింపబడిన కలుషిత స్థలములు 103 కాగా, శుద్ధికార్యము ఆరంభమైనవి ఏడు మాత్రమే.

ఈ రెండు సంఖ్యల నడుమ నున్న దూరమునకు ధనాభావ మొక కారణము, సంకల్పాభావము మరియొక కారణము. మూడవ కారణమును గూర్చి మన పత్రికలలో గాని, చట్టసభలలో గాని చర్చ బహు అరుదు. నేలలో ఏమి యున్నదో, ఎంత యున్నదో, అది ఎటు పోవుచున్నదో, తొలగింప పూనుకొన్నచో ఎన్నేండ్లు పట్టునో చెప్పగల లెక్క మనవద్ద లేకపోవుటయే ఆ మూడవ కారణము. ముఖ్యముగా పెట్రోలు, డీజిలు, తారు, పరిశ్రమలలో వాడు ద్రావకములు మొదలైన నూనె స్వభావము గల ద్రవములు భూగర్భజలమున ప్రవేశించినప్పుడు, కంప్యూటరు నమూనా లేనిదే ఆ లెక్క తేలదు. అట్టి నమూనా లేకుండ ఏ శుద్ధిపథకమునకును అనుమతి నీయరాదనియు, ఆ నమూనాకు ఆధారమైన ప్రతి ఊహను, ప్రతి సంఖ్యను ఆ నీరు త్రాగు ప్రజల యెదుట తెరచి యుంచవలెననియు, అది ముందుగా చెప్పిన దానిని ఏటేటా బావినీటితో సరిచూచి ఫలితమును ప్రకటింపవలెననియు నా ప్రతిపాదన.

ఉప్పు నీటిలో కరగును. కరగిన పిమ్మట నీరు పోయిన దారినే పోవును. నూనె స్వభావము గల ద్రవములకు వేరే దారి, వేరే నడక కలవు. పెట్రోలు, డీజిలు, కిరోసిను నీటికన్న తేలికైనవి; పగిలిన తొట్టినుండి గాని, తుప్పుపట్టిన గొట్టమునుండి గాని కారినప్పుడు అవి మన్నులో దిగి, నీటిమట్టము తగిలినంతనే దానిపై పరచుకొనును; వర్షకాలమున ఆ మట్టముతో పాటు పైకి లేచి, వేసవిలో దానితోనే క్రిందికి దిగి, ఆ రెండు హద్దుల నడుమ నున్న మన్నునకంతకును అంటుకొనును. లోహపు పనిముట్ల జిడ్డు వదల్చు ట్రైక్లోరోఇథిలీన్, బట్టల డ్రైక్లీనింగునకు వాడు పెర్క్లోరోఇథిలీన్, కొయ్యస్తంభములు చెడకుండ పట్టించు క్రియోసోటు మొదలైనవి నీటికన్న బరువైనవి. ట్రైక్లోరోఇథిలీన్ లీటరు ఒక్కింటికి 1.46 కిలోలు తూగును. ఇవి నీటిమట్టమున ఆగక దానిని చీల్చుకొని దిగి, బంకమట్టి పొర అడ్డు తగిలిన చోట గుంటగట్టి, ఆ పొర వాలిన దిక్కునకు జారుచు, ఒక్కొక్కప్పుడు నీరు పారు దిక్కునకు విరుద్ధముగా గూడ పోవును. ఫ్రీడ్రిష్ ష్విల్లె అను జర్మను శాస్త్రజ్ఞుడు గాజుతొట్లలో ఇసుక నింపి, బరువైన ద్రవములు అందు దిగు తీరును కన్నులకు గట్టినట్లు చూపిన పిమ్మటనే వీని సంగతి లోకమునకు స్పష్టపడినది. ఆయన గ్రంథము 1988లో ఇంగ్లీషున వెలువడినది.

ఈ ద్రవములను నేలనుండి వదల్చుట దుష్కర మగుటకు మూలము, మట్టికణముల నడుమ నున్న సూక్ష్మరంధ్రములలో నీటికిని నూనెకును నిరంతరము జరుగు పెనుగులాట. అవి రెండును కలియక, ఒకదాని నొకటి త్రోసికొనుచు ఆ రంధ్రములలో సంచరించును; రంధ్రము సన్నమైన కొలది నూనె అందు దూరుటకు ఎక్కువ ఒత్తిడి కావలెను. తొలుత ధారగా దిగిన నూనె, వెనుకనుండి వచ్చు సరఫరా ఆగినంతనే తెగి, బిందువులు బిందువులుగా రంధ్రములలో చిక్కుకొని కదలక నిలిచిపోవును. నీటిమట్టమునకు క్రింద రంధ్రముల పరిమాణములో పదవవంతో, అంతకు మించియో ఈ చిక్కిన నూనె వశమగుట కలదు. ఆవకాయ జాడీని ఒంపి నూనె యంతయు తీసివేసితి మనుకొన్న తరువాత గూడ, ఎన్నిసార్లు కడిగినను నీటిపై జిడ్డు తేలుచునే యుండునట్లు, ఈ బిందువులు తమను తాకిపోవు నీటికి కొంచెము కొంచెముగా విషము నిచ్చుచు దశాబ్దముల తరబడి తరుగక నిలుచును.

ఇచ్చట కొంత అంకగణితము అవసరము. అమెరికాలో త్రాగునీటియందు ట్రైక్లోరోఇథిలీనునకు విధించిన పరిమితి లీటరునకు 5 మైక్రోగ్రాములు. ఈ లెక్కన ఆ ద్రవ మొక్క లీటరు, 29 కోట్ల లీటర్ల నీటిని ఆ పరిమితి అంచునకు చేర్చుటకు చాలును. శుద్ధద్రవమును తాకియున్న నీరు, లీటరునకు సుమారు 1.1 గ్రాము వరకు దానిని కరగించుకొనగలదు. ఇది పై పరిమితికి రెండు లక్షల రెట్లకు పైబడినది. అయినను ఆ కరగుట మందగతిని జరుగును. 200 లీటర్ల పీపా యొకటి నేలలో ఒలికినదనియు, దానిని తాకుచు పోవు నీరు తన శక్తిలో నూరవవంతు మేరకే కరగించుకొనుచున్నదనియు భావించినచో, ఆ ఒక్క పీపాను కడిగివేయుటకు 2 కోట్ల 65 లక్షల లీటర్ల నీరు దాని మీదుగా పారవలెను. నీటిని విషము చేయుటకు చాలినంత కరగును గాని, నేలను వదలిపోవుటకు చాలినంత కరగదు; ఈ ద్రవముల దౌష్ట్యమంతయు ఇందే యున్నది.

కంటికి కనబడని ఈ వ్యాపారమును గణితమున బంధింపగల మార్గము వేరొక యవసరమునుండి పుట్టినది. ఫ్రాన్సు దేశమున డిజోన్ నగరమునకు నీరు తెచ్చిన హెన్రీ దార్సీ అను ఇంజనీరు, ఇసుకగుండ నీరు పారు వేగమును లెక్కించు సూత్రమును 1856లో ప్రకటించెను. 1942లో బక్లీ, లెవరెట్ అను వారిరువురు, నీటిని పంపి చమురును బావివైపునకు త్రోయు విధానమునకు గణితము కల్పించిరి. నేలలోని చమురును మరింతగా రాబట్టి లాభము పొందుటకై పెరిగిన ఈ విద్యను, నేలలో ఒలికిన చమురును గుర్తించి తొలగించు విద్యగా మరలించినవారిలో లిండా అబ్రియోలా, జార్జి పిండర్ అనువారు ముఖ్యులు. వారు 1985లో రెండు భాగములుగా ప్రకటించిన వ్యాసము, నీరు, నూనె, గాలి మూడును కలసి మన్నులో చరించుటను ఒక్క సమీకరణ సముదాయమున ఇమిడ్చినది. టెక్సస్ విశ్వవిద్యాలయమున గారీ పోప్ బృందము చమురు వెలికితీతకై నిర్మించిన యూటీకెమ్ అను ప్రోగ్రామును గూడ పిమ్మట కాలుష్యశుద్ధికి వినియోగించిరి.

ఇట్టి నమూనా చేయు పని ఇది. నేలను వేల కొలది, లక్షల కొలది చిన్న గడులుగా విభజించి, ప్రతి గడికిని అందలి మన్ను నీటిని ఎంత సులభముగా పారనిచ్చునో, దానిలో రంధ్రముల పాలెంతో, ఆ రంధ్రములలో నూనె దూరుటకు ఎంత ఒత్తిడి కావలెనో నిర్ణయింతురు. ప్రతి గడిలోను నీరు, నూనె, గాలి ఆక్రమించిన పాళ్లు కలసి పూర్ణము కావలెను. ఒక గడినుండి వెడలినది పొరుగు గడిలో చేరవలెను. నూనె పాలు తగ్గిన కొలది దాని చలనము మందగించి, ఒక హద్దున పూర్తిగా ఆగవలెను. ఆగిన నూనె నీటిలో కరగు వేగము, కరగిన దానిలో మట్టికి అంటుకొను పాలు, సూక్ష్మజీవులు తినివేయు పాలు వేరువేరుగా లెక్కకు రావలెను. కాలమును గూడ చిన్న చిన్న అడుగులుగా విభజించి, అడుగడుగున ఈ సమీకరణము లన్నిటిని సాధించుచు పోగా, నేడు ఇచ్చట నున్నది పదేండ్లకు ఎచ్చటికి చేరునో, ఇరువది యేండ్ల క్రిందట ఎచ్చట నుండెనో కూడ తెలియవచ్చును.

లెక్క ఎంత సూక్ష్మమైనను నేల అంతకన్న సూక్ష్మమని కెనడాలో బోర్డెన్ సైనిక స్థావరమున జరిగిన ప్రయోగములు నేర్పినవి. వాటర్లూ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు అచ్చట ఉక్కు పలకలతో చుట్టును బంధించిన ఇసుకనేలలో 1991లో సుమారు 770 లీటర్ల పెర్క్లోరోఇథిలీన్‌ను ఉద్దేశపూర్వకముగా విడిచి, దాని గమనమును పరికరములతో పరిశీలించిరి. పైకి ఒక్క తీరుగా కనబడు ఆ ఇసుకలో సైతము, కణపరిమాణమున నున్న స్వల్పభేదములను బట్టి ఆ ద్రవము సన్నని పొరలపై పక్కలకు ప్రాకి, సందు దొరికిన చోట తటాలున క్రిందికి దిగినది. కావున నమూనా చెప్పు ఒక్క సంఖ్యను దైవవాక్యముగా గ్రహించుట అవివేకము. అది చెప్పినది నిజమగుటకు అవకాశ మెంత, ఏ హద్దుల నడుమ సత్యము ఉండవచ్చును అని అడుగుటయే వివేకము. ఈ వివేకము లోపించిన చోట నమూనా హాని చేయగలదు. ఇది యున్న చోట అది ఎంతటి న్యాయమును చేకూర్చగలదో తెలుపు దృష్టాంత మొకటి మనము శ్రద్ధతో పరిశీలింపదగినది.

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రమున క్యాంప్ లెజ్యూన్ అను మెరైన్ సైనిక స్థావరము కలదు. దాని యందలి తరావా టెరస్ అను నివాసప్రదేశమున సైనికుల కుటుంబములు కాపురముండి, స్థావరపు బావులనుండి వచ్చు నీటినే త్రాగుచుండెడివి. స్థావరపు సరిహద్దునకు వెలుపల, ఆ బావులకు సమీపమున, 1953లో వెలసిన డ్రైక్లీనింగు దుకాణ మొకటి ఉండెను. అచ్చటి పెర్క్లోరోఇథిలీన్ సెప్టిక్ ట్యాంకు ద్వారా నేలలో దిగినది. స్థావరమున మరియొక చోట, హాడ్‌నాట్ పాయింట్ అను భాగమున, ఇంధనపు తొట్లనుండి కారిన పెట్రోలులోని బెంజీన్, పనిశాలలలో వాడిన ట్రైక్లోరోఇథిలీన్ త్రాగునీటి బావులను చేరినవి. 1982లో నీటిని పరీక్షించినపుడు ద్రావకములు బయటపడగా, ఎక్కువగా చెడిన బావులను మూసివేయుట 1985 తొలి మాసములలోనే జరిగినది. అప్పటికి ఆ నీటిని త్రాగినవారు పదిలక్షల మంది వరకు ఉందురని అంచనా.

ఆ నీటిని త్రాగిన తల్లిదండ్రులకు పుట్టిన శిశువులలో కొందరికి జన్మలోపములు, కొందరికి రక్తక్యాన్సరు కనబడినవి. అవి ఈ నీటివలన కలిగినవా కాదా అని తేల్చవలెనన్న, ఏ నెలలో ఏ కుళాయినుండి ఎంత విషము వచ్చెనో తెలియవలెను. 1982నకు పూర్వము కొలిచినవారే లేరు. కొలతలు లేని ఆ గతమును అమెరికా ప్రభుత్వపు విషపదార్థముల నమోదు సంస్థ, జార్జియా టెక్ విద్యాసంస్థ శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో, మోరిస్ మస్లియా నాయకత్వమున కంప్యూటరులో పునర్నిర్మించినది. నేల పొరల వివరములు, బావుల తవ్వకపు నమోదులు, ఏ బావిని ఎప్పుడు ఎంత తోడిరో తెలుపు పత్రములు, వర్షపాతపు లెక్కలు సేకరించి, మొదట నీటి ప్రవాహమును, పిదప దానిలో విషము చరించుటను, తుదకు బావుల నీరంతయు శుద్ధికేంద్రమున కలియుటను నెల నెలకు లెక్కించిరి. 2007లో ప్రకటించిన ఆ లెక్క ప్రకారము, తరావా టెరసునకు పంపిన నీరు, పెర్క్లోరోఇథిలీనునకు నేటి పరిమితియైన 5 మైక్రోగ్రాములను 1957 నవంబరులోనే దాటినది. నమూనా లెక్కించిన గరిష్ఠప్రమాణము లీటరునకు 183 మైక్రోగ్రాములు. ఆ కాలమున నిజముగా కొలిచిన వానిలో గరిష్ఠము 215. తెలియని విలువలను కొంత కొంత మార్చుచు వందల కొలది పర్యాయములు లెక్కించి, సత్యము ఏ హద్దుల నడుమ ఉండవచ్చునో గూడ వారు వెల్లడించిరి.

ఈ నమూనాకు విమర్శ రాకపోలేదు. అమెరికా జాతీయ పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘము 2009లో, లభించిన కొలతలు బహు స్వల్పము కాగా ఇంత జటిలమైన లెక్క వాస్తవమునకు మించిన నిశ్చయమును స్ఫురింపజేయుచున్నదనియు, సరళమైన విధానమే మేలనియు అభిప్రాయపడెను. ఆ విమర్శను పరిశీలించుట అవసరమే. అయితే నమూనా కర్తలు తమ పత్రములను, ఊహలను, హద్దులను సంపుటములుగా ప్రకటించి యుండుటవలననే ఆ విమర్శ సాధ్యమైనది. మూసిన గదిలో వేసిన లెక్కను ఎవరు విమర్శింపగలరు? పిదప ఆ నెలవారీ లెక్కలే ఆరోగ్య పరిశోధనలకు ఆధారములైనవి. 2013లో వెలువడిన అధ్యయన మొకటి, గర్భిణులు త్రాగిన నీటిలోని ట్రైక్లోరోఇథిలీనునకును, శిశువుల వెన్నెముక, మెదడు లోపములకును గల సంబంధమును సూచించినది. లుకేమియాతో తొమ్మిదవ యేట 1985లో మరణించిన జేనీ ఎన్‌స్మింగర్ పేరిట, సైనికులకును కుటుంబములకును చికిత్స కల్పించు శాసనము 2012లో వచ్చినది. ఆమె తండ్రి, విశ్రాంత సైనికుడు జెర్రీ ఎన్‌స్మింగర్, దానికై యేండ్ల తరబడి పోరాడెను. 2022 ఆగస్టులో మరియొక శాసనము, 1953 నుండి 1987 వరకు అచ్చట ముప్పది దినములైనను గడపినవారికి నష్టపరిహారము కోరు హక్కు నిచ్చినది. ప్రజల పట్టుదల లేనిచో ఈ శాసనములు లేవు. ఆ పట్టుదలకు చేయూతయైనది ఈ లెక్క.

ఇందుకు ప్రతికూలమైన దృష్టాంతమును గూడ దాచరాదు. మసాచుసెట్సు రాష్ట్రపు వోబర్న్ పట్టణమున ద్రావకములతో చెడిన రెండు బావులను 1979లో మూసిరి. పిల్లలను రక్తక్యాన్సరున పోగొట్టుకొన్న కుటుంబములు వేసిన వ్యాజ్యము 1986లో బోస్టను న్యాయస్థానమున విచారణకు వచ్చినది. పైన పేర్కొనిన జార్జి పిండరే ఆ కుటుంబముల పక్షమున సాక్ష్యమిచ్చెను. ప్రతివాదుల పక్షమున వేరు నిపుణులు వేరు లెక్కలు చూపిరి. ఏ స్థలమునుండి ఏ విషము ఏ నెలలో బావులను చేరెనో తేదీ చెప్పుడని జ్యూరీ సభ్యులను ప్రశ్నించిరి. శాస్త్రజ్ఞులకే సంశయాస్పదమైన ఆ ప్రశ్న సామాన్యుల నెత్తిన పడినది. ఇరు పక్షములును తమ తమ లెక్కలను గెలుపునకై మాత్రమే తెచ్చిన చోట సత్యము నలిగిపోవుననియు, ఉభయులకు సమ్మతమైన కొలతలతో, నిష్పక్షపాత సమీక్షకు లోబడి, వ్యాజ్యమునకు పూర్వమే నమూనా సిద్ధము కావలెననియు వోబర్న్ మనకు బోధించుచున్నది.

గతమును తెలిసికొనుట కెట్లో, శుద్ధిని నిర్ణయించుటకును నమూనా అట్లే అవసరము. చెడిన నీటిని తోడి, శుద్ధి చేసి విడుచుటయే చాలునని చాలకాలము నమ్మిరి. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994లో, ఈ పద్ధతి నవలంబించిన 77 స్థలములను పరిశీలింపగా, 69 స్థలములు లక్ష్యమును చేరలేదని తేలినది. రంధ్రములలో చిక్కిన నూనెను లెక్కింపక, కరగిన దానినే తోడిన ఫలమిది. కాలిఫోర్నియాలో వైసేలియా అను చోట, విద్యుత్ స్తంభములకు క్రియోసోటు పట్టించిన స్థలమున, ఏండ్ల తరబడి నీరు తోడినను ఫలము మందముగా నుండగా, 1997 నుండి 2000 వరకు ఆవిరిని నేలలోనికి పంపి అయిదు లక్షల కిలోలకు పైగా క్రియోసోటును వెలికితీసిరి లేదా నశింపజేసిరి. 2009లో ఆ స్థలము జాతీయ కలుషిత స్థలముల జాబితానుండి తొలగినది. మరియొక చోట ఇంత వ్యయము అవసరమే కాకపోవచ్చును. మిన్నెసోటాలోని బెమిడ్జి సమీపమున 1979 ఆగస్టులో గొట్టము పగిలి 17 లక్షల లీటర్ల ముడిచమురు ఒలికినది. శుద్ధి తరువాతను సుమారు నాలుగు లక్షల లీటర్లు నేలలో మిగిలినవి. అమెరికా భూగర్భ పరిశోధన సంస్థ 1983 నుండి అచ్చట సాగించిన పరిశీలనలో, చమురు ఒలికిన నాటినుండి నీరు దాదాపు 500 మీటర్లు కదలి యుండగా, కరగిన కాలుష్యపు అంచు 1996 నాటికి 200 మీటర్లు మాత్రమే సాగినదనియు, తక్కినదానిని సూక్ష్మజీవులు హరించుచున్నవనియు తేలినది. ఎచ్చట ఆవిరి వలయునో, ఎచ్చట నిరంతర పరిశీలనము చాలునో, ఎచ్చట నీరు తోడుట వ్యర్థమో చెప్పవలసినది ఆ స్థలపు లెక్కయే. ఒక యూరి మందు వేరొక యూరికి పనికిరాదు.

మన నేల సంగతి మరింత జటిలము. తెలంగాణములోను, రాయలసీమలోను అధికభాగము గట్టి బండనేల. అచ్చట నీరు ఇసుకలో కాక, పైనున్న శిథిలశిలలోను, దాని క్రింది బండ పగుళ్లలోను ఉండును. బరువైన ద్రావకము అట్టి పగుళ్లలో ఏ దారి పట్టునో ఇసుకనేలల అనుభవము చెప్పజాలదు. పైగా మనము త్రవ్వు బోరులలో బండ తగులువరకే కేసింగ్ పైపు దింపి, క్రిందిభాగమును తెరచి విడుచుట వాడుక. వందల అడుగుల లోతునకు దిగు ఆ బోరు, పైపగుళ్లలోని విషము క్రింది పగుళ్లలోనికి దిగుటకు నేరుగా దారి యగును. ఎండి విడిచిపెట్టిన బోరులు ఊరూరను ఎన్నియో కలవు. వానిని చేర్చని నమూనా మన నేలకు నమూనా కాదు.

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతమున భూగర్భజలమున కాలుష్యము వ్యాపించుటను గూర్చి గణిత నమూనాలు నిర్మించి ప్రకటించిరి. నక్కవాగు వెంబడి మంజీర వైపు సాగిన ఆ కాలుష్యమును గూర్చి 1990లో సుప్రీంకోర్టున వ్యాజ్యము పడిన సంగతి తెలుగువారికి విదితమే. ఆ నమూనాలు ముఖ్యముగా నీటిలో కరగిన లవణముల గమనమును లెక్కించినవి. ఔషధ పరిశ్రమలలో విరివిగా వాడు ద్రావకములు నూనెరూపమున దిగి నిలుచుటను లెక్కించుట దానికి తరువాతి మెట్టు. ఆ విద్యకు పునాది మన నగరముననే పడియున్నది గనుక, దానిని ఆ మెట్టునకు చేర్చుటకు పరదేశపు సహాయమునకై ఎదురుచూడ నక్కరలేదు. భోపాల్ యూనియన్ కార్బైడు ఆవరణలో భూమిపై నిలువయుంచిన సుమారు 337 టన్నుల వ్యర్థమును 2025 జనవరిలో పీథంపూరునకు తరలించి, అదే సంవత్సరమున దహించివేసిరి. అయితే ఆ నేలలో చెడిన మన్ను పదునొకండు లక్షల టన్నులని నాగపూరు, హైదరాబాదు పరిశోధన సంస్థలు 2010లోనే అంచనా వేసి యుండెను. కంటికి కనబడిన దానిని తరలించుటకే నలువది యేండ్లు పట్టినచో, కనబడని దానికి లెక్కయైనను లేకుండ మరి యెన్నేండ్లు కావలెను?

రెండు ఆక్షేపణలు రావచ్చును. త్రాగుటకు నీరు లేని ప్రజలకు కంప్యూటరు నమూనా ఏమి చేయునని కొందరందురు. మంచినీరు తక్షణమే ఇచ్చి తీరవలెను. అది నమూనా కొరకు ఒక్క దినమైనను ఆగరాదు. నమూనా వలసినది నేలను బాగుచేయు పథకమునకు. ఆ పథకమున తప్పుదారి పట్టి వ్యర్థమగు ధనముతో పోల్చినచో లెక్కకగు వ్యయము స్వల్పము. రెండవ ఆక్షేపణ బలమైనది: సంశయమును సాకుగా చేసికొని పరిశ్రమలు ఏండ్ల తరబడి కాలయాపన చేయుననుట. నిజమే, కావుననే నమూనా నిర్మాణమునకు గడువుండవలెను, గడువు దాటినచో అధిక కాలుష్యమును చూపు హద్దునే ప్రమాణముగా గ్రహింపవలెను. అప్పుడు సంశయమును తొలగించుటయే కాలుష్యకారకుని స్వప్రయోజనమగును.

ఇక చేయవలసిన దేమి? రాష్ట్ర మండలులు, ద్రావకము గాని ఇంధనము గాని నేలలో దిగినదని తేలిన ప్రతి స్థలమునకును, శుద్ధిపథకమునకు ముందే, పైన చెప్పిన నూనె, నీరు, గాలి మూడింటిని లెక్కించు నమూనాను విధిగా కోరవలెను. వ్యయము కాలుష్యకారకునిదైనను, నమూనా కర్తను నియమించు అధికారము మండలిది కావలెను. విశ్వవిద్యాలయములలో గాని, జాతీయ పరిశోధన సంస్థలలో గాని యున్న వేరొక బృందము దానిని సమీక్షింపవలెను. ఆ స్థలపు బావుల కొలతలు, బోరుల లోతులు, నమూనాకు ఇచ్చిన విలువలు, లెక్కించిన హద్దులు ఎల్లరకును లభ్యము కావలెను. వాని సారాంశమును సులభమైన తెలుగున వ్రాసి గ్రామసభ యెదుట చదివి వినిపింపవలెను. ఏ యేట ఏ బావినీటికి వాసన తగిలినదో రైతెరుగును. ఏ లోతున బండ తగిలినదో, ఎచ్చట నీరు పడినదో బోరుబండివారెరుగుదురు. ఆ జ్ఞానమును లెక్కలో చేర్చు బాధ్యత నమూనా కర్తలదే. నమూనా ముందుగా చెప్పిన విలువలను తేదీతో నమోదు చేసి, ఏటేటా కొలిచిన వానితో ప్రక్కప్రక్కన ప్రకటింపవలెను. రెండును విభేదించినచో నమూనాను సవరింపవలెను, సవరణకు కారణము చెప్పవలెను.

వేల కొలది పెట్రోలు బంకుల తొట్లు, వందల మైళ్ల ఇంధనపు గొట్టములు మన రెండు రాష్ట్రముల నేలలో నున్నవి. అమెరికాలో 1980 దశకమునుండి భూమిలో పాతిన తొట్లనుండి చమురు కారుట ధ్రువపడిన సందర్భములు అయిదు లక్షలకు పైబడినవి. మన తొట్లు వానికన్న దృఢమైనవని నమ్ముటకు ఆధారము లేదు. కావున చెడిన చోట్లనే కాక, పరవాడ మొదలైన ఔషధ పరిశ్రమలు పెరుగుచున్న చోట్ల, ఇంకను చెడని నేలలలోను నేటినుండి పరిశీలన బావులు త్రవ్వి, ద్రావకములకై నీటిని క్రమము తప్పక పరీక్షించి, ఫలితములను భద్రపరుపవలెను. క్యాంప్ లెజ్యూన్ తల్లిదండ్రులు యేండ్ల తరబడి సాగిన పోరాటమున పడిన కష్టమునకు మూలము, కొలువవలసిన నాడు ఎవరును కొలువకపోవుట. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలులు రెండును ఈ నిబంధనలను తమ మొదటి శుద్ధిపథకముతోనే అమలున పెట్టవలెను. తరువాత చేర్చుదమని వాయిదా వేసినచో, ఆ తరువాత వచ్చునాటికి పోల్చి చూచుటకు నేటి నీటి కొలతలు ఎవరికిని దొరకవు.